నా ఫైల్లో చెల్లెలు

శనివారం మధ్యాహ్నం మా ఆసుపత్రిలో పేషెంట్లు ఉండరు. వీధి షట్టర్ సగానికి దించేస్తాం. తడిగుడ్డ పెట్టిన నేల మీద ఫినాయిల్ వాసన, ఖాళీ కుర్చీల వరస, గోడ గడియారం చప్పుడు. నాకు ఆ పూటంటే ఇష్టం. పొద్దుట్నుంచీ "ఇంకెంతసేపమ్మా" అంటూ నా కిటికీ దగ్గర గొంతు చించుకున్నవాళ్ళంతా వెళ్ళిపోయి, నేనూ కంప్యూటరూ మిగులుతాం.

మాది పెద్దాసుపత్రి కాదు. ఒక డాక్టరమ్మ, ఒక నర్సమ్మ, రక్తం తీసే గది, నేను. చుట్టుపక్కల వీధులవాళ్ళు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ముందు ఇక్కడికే వస్తారు. ముదిరితే పెద్దాసుపత్రికి పంపుతాం. ఇన్నేళ్ళ ఫైళ్ళూ కంప్యూటర్లోనే ఉంటాయి. దాంతో నెగ్గుకురావడం నాకెవరూ నేర్పలేదు. కెలికి కెలికి నేర్చుకున్నాను.

ఆ వారం డాక్టరమ్మ ఒక పని అప్పజెప్పింది. ఫైళ్ళన్నిట్నీ జల్లెడ పట్టి, కిడ్నీ జబ్బు ఉండి కూడా ఆ సంగతి ఎవరూ రాయనివాళ్ళని బయటికి తియ్యాలి.

"రక్తపరీక్షలో కిడ్నీ అంకె ఒకసారి ఎక్కువొస్తే ఒంట్లో నీళ్ళు చాలకపోయుండొచ్చు," అంది. "మూడు నెలలు దాటాక మళ్ళీ ఎక్కువొచ్చిందనుకో, అది చుట్టపుచూపుగా వచ్చింది కాదు, కాపురం పెట్టేసింది. అలాంటివాళ్ళని పట్టుకో. నొప్పుండదు, ఏమీ ఉండదు. తెలిసేసరికి కిడ్నీలు రెండూ చేతులెత్తేస్తాయి."

ఆ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా చెల్లి అలాగే పోయింది.

జల్లెడ పట్టాను. పేర్లు వచ్చాయి. కూరలమ్మే ఆమె, ఒక బస్సు డ్రైవరు, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. వాళ్ళ కింద నా పేరు.

నర్సమ్మ నా భుజం మీంచి తొంగిచూసి పకపకా నవ్వింది. "ఏం పిల్లా, వల వేసి నువ్వే చిక్కావా?"

నేనూ నవ్వాను. ఫైలు తెరిచి అంకెలు వరసగా చదివాను. మంచి అంకె, చెడ్డ అంకె, మళ్ళీ మంచిది, మళ్ళీ చెడ్డది... ఒకే మనిషి రక్తంలా లేదు.

ఒకే మనిషిది కాదు కూడా.

మా చెల్లిని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళం. ఒకచోట నిలిచేది కాదు. మనిషి మాత్రం నా అచ్చు, వేళ్ళు ఒక్కటే నాకన్నా చిన్నవి. ఉద్యోగం వేరే ఊళ్ళో కాబట్టి దాని కార్డు అక్కడి ఆసుపత్రిది, ఇక్కడ చెల్లదు. సెలవులకి వచ్చి నీరసంగా ఉందంటే, అమ్మ నా కార్డు దాని చేతిలో పెట్టి పంపేది. "ఇద్దరిదీ ఒకటే మొహం, ఎవరడుగుతారు?" అనేది. నర్సమ్మకి తెలిసినా తెలియనట్టే ఊరుకునేది. అది ఇంటికొచ్చి మోచెయ్యి మడిచి పట్టుకుని, "నీ పేరు మీద పొడిపించుకున్నానే అక్కా, నొప్పి మాత్రం నాకే పడింది," అని దెప్పేది.

అప్పట్లో డాక్టర్లు ఇట్టే మారిపోయేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఫైలు చూసేసరికి, దాని చెడ్డ అంకె తర్వాత నా మంచి అంకె కనపడేది. పాతది ల్యాబ్ తప్పయ్యుంటుందని పక్కన పెట్టేసేవాళ్ళు. నా మంచి రక్తం చాటున దాని జబ్బు దాక్కుంది. చివర్లో పెద్దాసుపత్రివాళ్ళు "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా చూపించుకోలేదా?" అని అరిస్తే, అది నా వైపు చూసి కళ్ళు మూసుకుంది.

ఇదంతా డాక్టరమ్మకి చెప్పేశాను.

"ఏది ఎవరిదో విడదియ్యి," అంది. "తన పేరున వేరే ఫైలు పెట్టు. జబ్బు పేరు నేనే రాస్తాను. కానీ ఒకటి విను. వీటిలో నీవి ఉంటే మాత్రం నీకు వెంటనే మందులు మొదలుపెట్టాలి. అక్కచెల్లెళ్ళిద్దరికీ వచ్చే రకాలు ఉంటాయి."

"నావేం లేవు మేడమ్. చెడ్డవన్నీ దానివే."

"ఎలా తెలుసు?"

"నేను గుండ్రాయిలా ఉన్నాను కదా."

"సోమవారం పరగడుపున రక్తం ఇచ్చెయ్యి, గుండ్రాయ్."

సరే అన్నాను. ఇచ్చే ఉద్దేశం లేదు. ఇంట్లో మా రెండు మంచాల్లో పిచ్చుక పడుకున్నదాని మీద పరుపు తీసేసి, అమ్మ ఆ చెక్క మీదే తల ఆనించుకుని కూర్చుంటోంది. రెండో మంచం సంగతి ఆమెకి నేనెలా చెప్పను?

అలా ఆ శనివారం ఫైలు విడదియ్యడానికి కూర్చున్నాను. పన్నెండు దాటగానే మబ్బు కమ్మేసి వాన మొదలైంది. హాలంతా సాయంత్రంలా మసకబారింది. నర్సమ్మ అన్నానికి బయల్దేరుతూ షట్టర్ కిందికంటా లాగింది.

"భయమేస్తే గట్టిగా కేకెయ్యి. నాకెలాగూ వినపడదనుకో," అంది బయటినుంచి.

పిచ్చుక పేరున కొత్త ఫైలు తెరిచాను. పుట్టిన తేదీ కొట్టాను. దాని కింద ఇంకో తేదీ అడిగింది. అదీ కొట్టాను.

మొదటి చెడ్డ అంకె గుర్తుంది. అమ్మకి చెప్పులు కొని తెచ్చి, అవి చాలకపోతే తనే వేసుకుని తిరిగిన సెలవులు. అది దానికిచ్చాను. రెండోది, మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయి "నువ్వెళ్ళవే, నేను లిఫ్ట్ కట్టించాక వస్తా" అన్నప్పటిది. అదీ ఇచ్చాను. ఇక తేదీలు చూడ్డం నావల్ల కాలేదు. కళ్ళు తుడుచుకుంటూ చెడ్డవన్నీ దాని ఫైల్లోకి తోసేసి, సేవ్ కొట్టాను.

నా ఫైలు మళ్ళీ తెరిస్తే అందులో ఇంకా రెండు చెడ్డ అంకెలు ఉన్నాయి.

సరిగ్గా నొక్కలేదేమో అనుకున్నాను. వాటినీ పంపాను. దాని ఫైల్లో చూశాను, చేరాయి. నా ఫైలు తెరిచాను.

మళ్ళీ నా దగ్గరే ఉన్నాయి.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా ఆగింది. కంప్యూటర్ ఒక్కటే బ్యాటరీ మీద నీలంగా వెలుగుతూ, ఉండుండి కీచుమంటోంది. బయట వాన రేకుల మీద కొడుతోంది.

హాల్లోంచి ఇంకో చప్పుడు వినిపించింది.

సన్నగా, గాలి ఎక్కుతున్న చప్పుడు. అది నాకు తెలుసు. చెయ్యి దూర్చితే పట్టీ తనంతట తానే బిగుసుకునే బీపీ మిషను ఉంది హాల్లో. రోజంతా వింటాను. కానీ దానికి బ్యాటరీ లేదు...

లేచి గుమ్మం దాకా వెళ్ళాను.

మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది. పట్టీ ఉబ్బుతోంది. నిండుగా, గుండ్రంగా, లోపల చెయ్యి ఉన్నట్టే బిగుసుకుంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత నిట్టూర్చినట్టు గాలి వదిలింది.

అప్పుడు వాసన వచ్చింది.

ఫినాయిల్ కాదు. మూత్రం లాంటి ఘాటు. పిచ్చుక చివరి రోజుల ఊపిరి. ఒంట్లోంచి బయటికి పోవాల్సిందంతా దాని శ్వాసలో వచ్చేది. నేను దగ్గరికెళితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది, నాకు కంపు కొడుతుందని.

వెనక్కి వచ్చి కుర్చీలో పడ్డాను. మౌస్ పట్టుకున్నాను. వాసన నా వెనకే వచ్చింది.

"అక్కా..."

నా చెవి పక్కనే. అరచేతి చాటునుంచి వచ్చినట్టు.

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

"పిచ్చుకా?"

"అవి నావి కావే."

"నీవే. అన్నీ నీవే. మాట్లాడకు." వేలితో నొక్కబోయాను. మౌస్ మీదున్న నా చేతి మీద చల్లగా ఏదో ఆనింది. తడిసిన గుడ్డలా. వేలు కదల్లేదు.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

తేదీ చూశాను. ఆ మిగిలిన రెండిట్లో మొదటిది, దానికి సెలవు దొరక్క ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చిన నెల. ఇంటికే రాలేదు. నాకు జ్వరమొస్తే నేనే వెళ్ళి రక్తమిచ్చాను.

రెండోది...

రెండో తేదీకి పిచ్చుక లేదు. మంచం మీద పరుపు కూడా లేదు. ఏడాదికోసారి స్టాఫ్ అందరికీ చేసినట్టే నర్సమ్మ నాకూ రక్తం తీసుంటుంది. ఎప్పుడు తీసిందో కూడా గుర్తులేదు. ఆ రోజుల్లో నేను మనిషిలా లేను.

ఆ రెండింటి మధ్యా మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి.

"ఇవి కూడా నువ్వే తీసుకోవే," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లలా వినపడింది. "నీకేమవుతుంది ఇప్పుడు? తీసేసుకో. అమ్మ తట్టుకోలేదు..."

వాన చప్పుడు. కంప్యూటర్ కీచు.

అలసిపోయిన గొంతుతో...

"నేనెన్ని మొయ్యనే అక్కా."

కరెంటు వచ్చింది. చేతి మీద చల్లదనం పోయింది. నర్సమ్మ షట్టర్ ఎత్తేటప్పటికి నేను టేబుల్ మీద తల పెట్టి ఏడుస్తున్నాను. ఆమె గొడుగు మడిచి మూల పెట్టింది. ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసనే?" అని కిటికీలన్నీ తెరిచింది.

సోమవారం రక్తమిచ్చాను. అంకె చెడ్డదే.

"ముదరలేదు," అంది డాక్టరమ్మ. "మందులు వాడితే ఏళ్ళ తరబడి లాక్కురావచ్చు. నిన్ను పట్టుకోగలిగాం." పిచ్చుక మాట ఎత్తబోతుంటే నేను అడ్డుపడ్డాను. అమ్మకి నేనే చెబుతానన్నాను.

"బల్లెక్కి కాళ్ళు చాపు. వాపుందేమో చూద్దాం. లోపల నీరు చేరితే, బొటనవేలితో నొక్కినచోట గుంట పడి చాలాసేపు అలాగే ఉంటుంది."

సల్వార్ అంచు పైకి లాగింది. ఆమె బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది.

"ముందే ఎవరు నొక్కారు?"

తల ఎత్తి చూశాను. చీలమండ దగ్గర్నుంచి మోకాలి దాకా, ఎముక వెంబడి, ఒకదాని పైన ఒకటి గుంటలు. డాక్టరమ్మ తన వేలు ఆనించి చూసింది. నేను నాది ఆనించాను. ఆ గుంటలకి ఇద్దరి వేళ్ళూ పెద్దవే.

కిందున్న గుంటలు సగం పూడుకున్నాయి. అన్నిటికన్నా పైనున్నది ఇప్పుడే నొక్కి తీసినట్టు లోతుగా, తెల్లగా ఉంది.