టిలియార్డ్ గారి సంతకం

"సంతకం ఎవరిదో తెలుసు. ద్రోహం కూడా ఆయనదేనా, అది తేల్చు," అన్నాడు లండన్ తపాలా ఆఫీసు వెనక గదిలో కూర్చునే అధికారి. ఏజెంట్ త్రెల్‌కెల్డ్ తలూపి బయటపడ్డాడు.

ఫ్రాన్సుతో యుద్ధం. ఇంగ్లండు ఓడలు ఏ రోజు బయల్దేరేదీ శత్రువుకి ముందే తెలిసిపోతోంది. ఫ్రాన్సుకి ఎదురుగా ఉన్న డోవర్ రేవులో ఒక సత్రానికి వెళ్ళే ఉత్తరాల మీద అనుమానం. ఆ కవర్ల మీద పార్లమెంటు సభ్యుడు ఆంబ్రోస్ టిలియార్డ్ సంతకం ఉంది. సభ్యుడి సంతకముంటే తపాలా ఉచితం. పైగా మంత్రి ఉత్తర్వు లేనిదే ఎవరూ విప్పకూడదు.

విగ్గుల వ్యాపారి వేషంలో త్రెల్‌కెల్డ్ మూడు వారాలు ఆయన ఇంటికి తిరిగాడు. పంతొమ్మిదేళ్ళలో సభలో ఒక్కసారీ నోరు విప్పని ఆ మనిషి, తల కొలతలిచ్చేటప్పుడు మాత్రం ఊళ్ళో ఉన్న చెల్లెలి గురించి, తను నాటిన బేరిచెట్ల గురించి ఆపకుండా చెప్పేవాడు. ఖాళీ కవర్ల మీద సంతకాలు చేసి అడిగినవాళ్ళకల్లా పంచేవాడు. సభ్యులందరూ చేసే పనే అది.

"లోపల ఏం రాస్తారో అడగరా అయ్యా?"

"పెద్దమనుషులు అలాంటివి అడుగుతారటయ్యా?" అని నవ్వాడాయన.

అందరికంటే ఎక్కువ కవర్లు పట్టుకెళ్ళేది మిసెస్ వెరాల్ అనే అందమైన వితంతువు. ఆవిడ పేరెత్తితే ఆయన చెవులు ఎర్రబడేవి. త్రెల్‌కెల్డ్ ఆవిడని గుర్తుపట్టాడు. ఆవిడ తమ ఏజెంటే. రెండు పక్కలా జీతం తింటోందన్నమాట.

మంగళవారం పొద్దున ఆవిడ ఒక నౌకాధికారి ఇంట్లోంచి నేరుగా తపాలా ఆఫీసుకి వెళ్ళి టిలియార్డ్ సంతకమున్న కవరు ఒకటి వేసింది. మంత్రి ఊళ్ళో లేడు. డోవర్ సంచి కట్టడానికి అరగంటే ఉంది. త్రెల్‌కెల్డ్ వేషం విప్పేసి టిలియార్డ్‌కి ఉన్నదంతా చెప్పాడు. సంతకం చేసినవాడు అడిగితే ఉత్తరం వెనక్కిస్తారు.

"కానీ అడిగితే, అది మీరే రాశారని ఒప్పుకున్నట్టే. మెడకి తాడు పడొచ్చు."

"ఓడల్లో ఎంతమంది?"

"రెండు వేలు."

ఆయన విగ్గు వంకరగా పెట్టుకుని లేచాడు. సంచి మూతికి లక్క వేస్తుండగా అక్కడికి చేరారు. "ఆ ఉత్తరం నాది. ఇచ్చెయ్యండి," అన్నాడు, సభలో ఏనాడూ ఎత్తని గొంతుతో. లోపల ఓడలు బయల్దేరే తేదీ ఉంది.

ఆయన నిర్దోషి అని త్రెల్‌కెల్డ్ రిపోర్టు రాశాడు. వెరాల్ ఇంకా పనికొస్తుందని, ఇకమీదట ఆవిడ చేత శత్రువుకి అబద్ధాలు మోయించవచ్చని చెప్పి అధికారి ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాడు. విచారణలో టిలియార్డ్ కూడా ఆవిడ పేరు చెప్పలేదు. యావజ్జీవం పడింది. త్రెల్‌కెల్డ్ ఆ రోజు నడిరోడ్డు మీద ఏడ్చాడు.

సభ్యత్వం పోయింది, దాంతో సంతకానికి విలువా పోయింది. ఖైదీ చెల్లెలికి రాసే ఉత్తరాలన్నీ విప్పి చదివే డ్యూటీ త్రెల్‌కెల్డ్‌కే పడింది. ఏడేళ్ళు చదివాడు. పట్టుకున్న రహస్యం ఒక్కటే: బేరిచెట్ల కొమ్మలు చలి పోకముందే కత్తిరించాలట.