బొద్దుగాడికి పడని మనిషి

మా పరిచయం నా మీద నేరారోపణతో మొదలైంది.

"మీరు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ మావాడు రక్తం వచ్చేలా గోక్కుంటున్నాడు. వాడికేం పెడుతున్నారు?" అని గుమ్మంలోనే నిలదీసింది డాక్టరు. ఆమె కుక్కల చర్మవ్యాధులు చూస్తుంది. మావాడంటే ఆమె పెంపుడు కుక్క బొద్దుగాడు.

"పిండి ఇచ్చి పోతున్నానండీ. వాడి వంక చూడనైనా లేదు," అన్నాను.

అది నిజమే. ఆ ఇంట్లో నేను ఎవరి వంక చూస్తున్నానో నాకు తెలుసు.

నాది గింజలు, పిండి అమ్మే కొట్టు. మోతకు నలుగురు మనుషులున్నారు. అయినా ఆమె పది కిలోల పిండి కావాలంటే, రెండేసి కిలోల చొప్పున ఐదుసార్లు నేనే మోసుకెళ్ళాను. వ్యాపారంగా చూస్తే శుద్ధ దండగ. తలుపు తీసేది ఆమె కాబట్టి, ఐదింతల లాభం.

"వాళ్ళ కొట్లో పెద్ద సంచులు లేవేమో కనుక్కోవే," అంది లోపల్నుంచి వాళ్ళ బామ్మ.

డాక్టరు నా చొక్కా చేతిని వేలితో దులిపింది. తెల్లగా దుమ్ము లేచింది. ఆమె కళ్ళు మెరిశాయి. నా పంట పండిందనుకున్నాను. ఆమెకు దొరికింది రోగకారణం.

మర్నాడు క్లినిక్‌కి పిలిచింది. బొద్దుగాడి డొక్క మీద కాస్త బొచ్చు గొరిగి, దుమ్ము, పుప్పొడి లాంటి వాటి సారాలు సూదితో తలో చుక్క ఎక్కించింది. అన్నీ చదునుగానే ఉన్నాయి. ఒక్కచోట మాత్రం చొక్కా గుండీ అంత దద్దురు లేచింది.

"నిల్వ గింజల దుమ్ములో కంటికి ఆనని పురుగులుంటాయి," అంది. "వీడి చర్మంలో మాస్ట్ కణాలని కాపలా కణాలున్నాయి. వాటికి ఆ పురుగు దొంగలా కనిపిస్తుంది. వెంటనే హిస్టమిన్ సంచులు విప్పేస్తాయి. ఇక దురదే దురద."

"మా గోడౌన్ వాచ్‌మన్ కూడా అంతేనండీ. నన్ను చూసినా విజిలేస్తాడు. మరి ఈ కాపలావాళ్ళను ఉసిగొల్పేదెవరు?"

"రక్తంలో ఉండే టీ కణాలు." ఆమె మొదటిసారి నవ్వింది. "వాటిలో సర్దిచెప్పే రకం కూడా ఉంది. ఆ పురుగు సారాన్నే చుక్కలో వందో వంతుతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ ఇంజెక్షన్ ఇస్తే, 'వీడు మనవాడే, వదిలేయండి' అని నేర్పుతాయి."

"ఎన్నాళ్ళు?"

"ఎనిమిది నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా మీరు మా ఇంటికి రావద్దు."

నా కొట్లో ఏ సరుకూ ఎనిమిది నెలలు పడి ఉండలేదు, నేను తప్ప.

ఫోన్ చేసి బొద్దుగాడి క్షేమం అడిగేవాణ్ణి. వాడి క్షేమం రెండు నిమిషాల్లో అయిపోయేది. ఫోన్ గంట నడిచేది.

ఒకరోజు ఆమె, "పది కుక్కల్లో మూడింటికి ఈ మందు పనిచేయదు," అంది. ఆ మూడు నన్ను తినేశాయి.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం, గోడౌన్ నుంచి నేరుగా వెళ్ళి తలుపు కొట్టాను.

"కొట్టు మార్చేస్తున్నానండీ. స్టీలు సామాన్లు పెడతాను. స్టీలుకు పురుగు పట్టదు."

"ఎందుకు?"

"ఆ మూడింటిలో వీడుంటే మీరు నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. గింజలు లేకపోయినా బతుకుతాను. మీరు లేకపోతే కష్టం."

ఆమె తలుపు బార్లా తీసింది.

"లెక్కల్లో ఘనులని విన్నానే. మీ దగ్గర పిండి మానేసి, మిమ్మల్ని ఇక ఎప్పుడూ రావద్దంటే, వీడి దురద అక్కడితో పోయేది. ఒక్క సూది అక్కర్లేదు. మరి వారం వారం ఇన్ని సూదులు దేనికి పొడిచాను?"

ఇంత చిన్న లెక్క ఎనిమిది నెలలుగా నాకు తట్టలేదు.

"కిందికి చూడండి," అంది మెల్లగా.

బొద్దుగాడు నా దుమ్ము ప్యాంటుకు ఆనుకుని, కాళ్ళు చాపి గుర్రు పెడుతున్నాడు.

బామ్మ వచ్చి ముగ్గురినీ కలిపి చూసింది.

"ఏమయ్యా, మీ అమ్మగారు కూడా కొట్లో కూర్చుంటారా?"

"కూర్చుంటుంది బామ్మగారూ."

"అయితే వీడికి ఆవిణ్ణీ అలవాటు చేయాలిగా. రేపు తీసుకురా."