పన్నెండు పోగులు

నిచ్చెన భుజాన వేసుకుని, తల పైకెత్తి కరెంటు తీగనే చూస్తూ వస్తున్న శివకుమార్‌కు కింద వీధి పొడవునా ఏం సాచి ఉందో కనబడలేదు. కనబడేసరికి పట్‌పట్‌మని పోగులు తెగిపోయాయి.

"ఏమప్పా! కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావు?"

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో తెల్లవారేసరికి మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు సాచి, గంజి పట్టించి, ఎండెక్కకముందే చుట్టేస్తారు. గంజి చేతులతో నిలదీసిన పిల్ల ప్రణీత. డిగ్రీలో ఇంగ్లీషు చదువుతోంది.

"లైన్ చూస్తాండా," అన్నాడు ఆ కొత్త లైన్‌మన్ బిక్కమొహంతో.

"ఇదీ లైనే. కూచో. మా వీధిలో తెంచినోళ్లే అతకల్ల."

ఆమె అవ్వ సుబ్బక్క తెగిన కొసలు ఒక్కొక్కటే ఏరింది. అది జాతరలో చౌడేశ్వరమ్మకు పెట్టే చీర పడుగు. ఆ వంతు ఏడాదికొక ఇంటికి వస్తుంది. అతుకున్న చీర అమ్మకు పనికిరాదని వీధిలో మాట. ఈసారి తప్పితే మళ్లీ ఇరవై ఏళ్లకు. అవ్వకు ఇప్పటికే డెబ్బై ఆరు.

శివకుమార్ జారకుండా బూడిద అద్దిన వేళ్లతో పన్నెండు పోగులూ మెలిపెట్టాడు.

ఆ తర్వాత ఆ వీధి స్తంభాలకు ఎక్కడలేని రిపేర్లు వచ్చాయి.

"మళ్లీ ఏం చెడిపోయింది?" మగ్గం మీద నుంచి ప్రణీత నవ్వేది.

"లైనే. అది సరే, ఆ పొద్దు నన్నెందుకు 'ఇదీ లైనే' అని ఎగతాళి చేస్తివి?"

"ఎగతాళి కాదప్పా. డిక్షనరీలో చూడు, ఆ మాటకు ఎన్ని అర్థాలో! గీత, వరుస, తీగ, రైలుదారి, వంశం, పద్యంలో పాదం. అన్నిటికీ పుట్టిల్లు ఏందో తెలుసా? అవిసె నార దారం. మా దారమే పోయి మీ స్తంభం ఎక్కింది."

"ఇంకో అర్థం రాయలేదే అందులో."

"ఏందది?"

"చెప్తా గానీ, అవ్వ వింటాంది."

ప్రణీత చెవులు ఎర్రబడ్డాయి. మగ్గం చప్పుడు పెరిగింది.

జాతర ముందురోజు అవ్వ చీర ఒళ్లో పరిచి వేళ్లతో తడిమింది. "బాగుండాది. అతుకేం తగల్లేదు నా చేతికి."

జాతర లైట్లు కట్టడానికి వచ్చిన శివకుమార్‌కు చెప్పొద్దన్నట్టు ప్రణీత కళ్లు పెద్దవి చేసింది. అతడు చీర వైపు చూశాడు. ఈ ముసలామె వంతు తన నోటితోనే పోతుందా? కానీ అమ్మ కట్టే చీర ముందు అబద్ధమెలా?

"అవ్వా, పన్నెండుండాయి. నేను తెంచినవే."

"పదమూడు," అంది అవ్వ తాపీగా. "ఒకటి రెండుతూర్లు తెగింది, నువ్వు ఈ పిల్ల మొగం చూస్తా అతికితివి గదా. నువ్వు దాచింటే ఈ చీర పెట్టకపోదును. అయినా ఏ ఇంట్లోనైనా పాత పడుగు కొసకు అతక్కుండా కొత్తది మగ్గమెక్కిందే లేదు. మరి అతుకు వద్దనింది అమ్మనా, మనమా? పెద్దోళ్లనే అడుగుతా."

అడిగింది. ఎవరి ఇంటి చీరలోని అతుకులు వాళ్లకు గుర్తొచ్చి, పెద్దలంతా తలలు దించుకుని సరేనన్నారు.

మరునాడు అమ్మవారు ఆ చీరలోనే నిండుగా కనిపించింది. హారతి కళ్లకద్దుకుంటూ అవ్వ అడిగింది. "మీ అమ్మ యాడుంటాది నాయనా?"

"కోసిగిలో."

"ఆదివారం పిలుచుకోని రా."

శివకుమార్ గబగబా తలూపాడు. పక్కనుంచి ప్రణీతే అందుకుంది.

"నిచ్చెన మాత్రం ఇంటికాడే పెట్టి రా అప్పా!"