పొయ్యి పక్క పడక

"సత్రం గదిలో పొయ్యి పక్కనున్న కింది పడక కరోలాకే ఇద్దాం అమ్మా. పాపం నడుము నొప్పి," అన్నాడు గెబ్‌హార్ట్, మూడోసారి.

"నడుము నొప్పున్న మనిషికి మంచు మీద జారుడెందుకు? ఇంట్లో కాపడం పెట్టుకుని పడుకోమను," అంది నోట్‌బుర్గా.

"గది బుక్ చేసిందే ఆవిడ కదా."

"నీ పెళ్లికి చర్చి బుక్ చేసింది నేను. పెళ్లికూతురి కుర్చీలో కూర్చున్నానా?"

గెబ్‌హార్ట్ కూతురు వ్రోనీ పకపకా నవ్వింది. కోడలు రోజ్‌విటా రొట్టె ముక్కలు కోస్తూనే ఉంది. ఆమె ఫోన్ మోగింది.

"మీ వైపు మంచెలా ఉంది?" అంది అవతలి గొంతు.

"కొత్తది పడలేదు. పాతదే గట్టిపడింది," అంటూ రోజ్‌విటా బాల్కనీలోకి వెళ్లి తలుపు మూసింది. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆమె ఇన్స్‌బ్రుక్‌లో వాతావరణ శాఖ గుమాస్తా. అసలు ఆఫీసు గూఢచార శాఖ, అక్కడ ఆమె పేరు ఏజెంట్ మర్మోట్. చలికాలమంతా నిద్రపోయే కొండ జంతువు పేరది.

"చోరీ అయిన చిప్, రైలు సొరంగం కోడ్‌లున్నది, ఎవరి దగ్గరుందో తెలిసింది," అన్నాడు చీఫ్. "మీ స్కీయింగ్ వారాంతం ప్లాన్ చేసినావిడ దగ్గర."

కరోలాని ఇన్ఫార్మర్‌గా ఆఫీసుకి తెచ్చింది రోజ్‌విటాయే. వ్రోనీకి జ్ఞానతల్లి కరోలా. బాప్తిస్మం నాడు బిడ్డని ఎత్తుకున్న చేతులవి.

"మనకి వాళ్ల వార్తలు అమ్మింది. వాళ్లకి మనవి అమ్మింది. శనివారం మధ్యాహ్నం సత్రం బయట వాళ్ల మనిషి స్కీ పలకలు మారుస్తాడు. ఆవిడ తెల్ల స్కీల్లో ఒకదాని లోపల చిప్ ఉంది. ఏ దాంట్లోనో తెలీదు. అది సరిహద్దు దాటితే సొరంగంలో రైళ్లు మన చేతిలో ఉండవు."

"ఇంకెవరినైనా పంపండి సార్."

"మీరు రాకపోతే ఆవిడకి అనుమానం వస్తుంది."

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పన్ను పీకే ముందు సూది వేసిన దవడలా ఉంది లోపలంతా. లోపలికొచ్చి, "పడక సంగతి అక్కడే తేల్చుకుందాం," అంది.

శనివారం కొండ మీది సత్రం కిటకిటలాడుతోంది. గెబ్‌హార్ట్ ఆ ఊరి అలవాటు ప్రకారం అందరి స్కీలూ జతలు విడదీశాడు. ఒకటి గోడకి, రెండోది ఎక్కడో. ఒంటి స్కీని ఏ దొంగా ఎత్తుకుపోడు. మర్యాదకి కరోలావీ విడదీశాడు.

అత్తగారు బయట ఎండలో బల్ల మీద కూర్చుంది. లోపల కరోలా, తెల్లని బొచ్చు టోపీ, చెదరని లిప్‌స్టిక్. మగవాళ్ల కళ్లన్నీ అటే. రోజ్‌విటా నుదుటి మీది కళ్లజోడులో కెమెరా తిరుగుతోంది. చెవిలో చీఫ్ గొంతు వినిపించింది: "గాలికి కేబుల్ కార్ ఆపేశారు. మావాళ్లు కిందే చిక్కుకున్నారు. మీరొక్కరే."

కిటికీలోంచి ఎర్ర కోటు కనిపించింది. స్కీలు నేర్పే మాస్టారి వేషం. వాడి భుజం మీద అచ్చం కరోలావి లాంటి తెల్ల స్కీలు.

"రోజీ, సూప్ చల్లారిపోతోందే," అంది కరోలా. బల్ల కింద ఆమె చెయ్యి రోజ్‌విటా మోకాలి మీద పడింది. "నీకు తెలుసని నాకు తెలుసు. కాసేపు కిటికీ వైపు చూడకు. వ్రోనీ కోసం."

"వ్రోనీ కాలేజీకి వెళ్లేది ఆ సొరంగంలోంచే," అని రోజ్‌విటా లేచింది.

బయట ఆ మనిషి తను తెచ్చిన జత కింద పెట్టి, కరోలా తెల్ల స్కీ ఒకటి చేతపట్టుకుని గోడ పొడుగునా తిరుగుతున్నాడు. రెండోది కనబడదు. ఊరివాళ్లయితే వెతకరు, పెట్టినవాళ్లకి గుర్తుంటుంది. బరువు బూట్లతో మంచుగడ్డ మీద రోజ్‌విటా అతన్ని చేరేలోగా బల్ల మీంచి అత్తగారి గొంతు వినిపించింది.

"బాబూ, నీ రెండోది ఎక్కడ పెట్టావ్?"

"వెతుకుతున్నానండీ."

"పదిమందికి నేర్పేవాడివి, పెట్టిన చోటు గుర్తులేదూ?" నోట్‌బుర్గా పక్కవాళ్ల వైపు తిరిగి మామూలుగా అంది, "దొంగ."

బీరు గ్లాసులు దించి ముగ్గురు లేచారు. వాడు ఒంటి స్కీని చంకన పెట్టుకుని, తన జత మీదికి దూకాడు. కుడికాలు బిగిసింది. ఎడమ బూటు బిగిసేలోగా రోజ్‌విటా తన స్కీ కర్రని బూటు పట్టే ఆ కట్టులోకి దూర్చేసింది. వాడు ముందుకి బోర్లాపడ్డాడు.

చిప్ వాడి చంకలోని స్కీలో లేదు. కట్టెల మోపు వెనక, గెబ్‌హార్ట్ పెట్టిన దాంట్లో ఉంది.

కరోలా కదల్లేదు. సూప్ మొత్తం తాగింది. గాలి తగ్గాక ఆఫీసువాళ్లు వచ్చి, ఇంట్లోవాళ్ల కంట పడకుండా ఆమెనీ ఆ మనిషినీ కిందికి తీసుకెళ్లారు. రోజ్‌విటా వేళ్లకి చలి కూడా తెలియడం లేదు.

సాయంత్రం భోజనాల దగ్గర వ్రోనీ తన పక్క కుర్చీలో కోటు పెట్టి కరోలా కోసం చోటు పట్టింది.

"కరోలా ఏదీ?" అన్నాడు గెబ్‌హార్ట్. "ఇంతకీ ఆ పడక సంగతేంటి?"

రోజ్‌విటా కూతురి కోటు తీసి కొక్కేనికి తగిలించి, ఆ కుర్చీలో తనే కూర్చుంది.

"కరోలా రాదు. ఇక మీదట మనింటికీ రాదు," అంది నెమ్మదిగా. అందరూ చెంచాలు ఆపారు. "పొయ్యి పక్క పడక అత్తయ్యది."