శంకువు పోతకు ఒక గంట

"పన్నెండింటికి శంకువు పోత. అది కుదిరితే మీ అక్కతో వాళ్లకు పని ఉండదు," అన్నాడు చీఫ్, ఏజెంట్ డెబ్బై రెండుతో. అర్థం వివరించలేదు. అక్క సిరామిక్ శాస్త్రవేత్త. క్షిపణి ముక్కుకు తొడిగే సిరామిక్ శంకువును అచ్చులో పోయించుకోవడం కోసం విదేశీ ముఠా ఆమెను ఎత్తుకుపోయింది.

ఏజెంట్ డెబ్బై రెండు పంపు మెకానిక్ వేషంలో ఆ వర్క్‌షాపులో అడుగుపెట్టాడు. లోపల మన మనిషి ఉంది: ముత్యాల దండ వేసుకునే డబుల్ ఏజెంట్. సంకేతవాక్యం చెప్పాడు. ఆమె చిరునవ్వుతో జవాబిచ్చి, కాపలావాళ్లను పిలిచి, అక్క పనిచేస్తున్న తొట్టి ఎదురుగా అతణ్ణి కుర్చీకి కట్టించింది. మొదటినుంచీ ఆమె వాళ్ల మనిషే.

చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్‌ను గడ్డంతో నొక్కాడు. చేతి గడియారం నాలుగుసార్లు మిణుకుమంది. కమాండోలు రావడానికి నాలుగు గంటలు. పోతకు మిగిలింది ఒకటే గంట.

"వచ్చావురా తమ్ముడూ," అంది అక్క, తొట్టి మీంచి చూపు తిప్పకుండా. "చిన్నప్పుడు నీ బూట్లకు నేను వేసిన ముడి ఒక్కటీ నువ్వు విప్పుకోలేదు. ఇది విప్పుతావా?"

"లేదక్కా."

తొట్టిలో అల్యూమినా అనే సిరామిక్ పొడి కలిపిన నీళ్లు. ఆ రేణువులు స్వభావరీత్యా ఒకదాన్నొకటి లాక్కుని ముద్దకడతాయి. డిస్పర్సెంట్ అనే మందు వాటికి ఒకే రకం విద్యుదావేశం అంటగట్టి ఎడంగా నిలబెడుతుంది; అప్పుడే ద్రవం అచ్చు మూలమూలకూ పారుతుంది.

ముత్యాలామె గరిటె ఎత్తి చూసింది. "చిక్కగా ఉంది. ఇంకా మందు పొయ్యి."

"వద్దు. ఎక్కువైతే చెడుతుంది."

"ఎందుకు?"

"రేణువులు పట్టగలిగినంతే పట్టుకుంటాయి. మిగిలింది నీళ్లలో తిరుగుతూ వాటి వికర్షణను అణిచేస్తుంది. మళ్లీ ముద్దే."

"ఖైదీ వద్దంటోందంటే అదే కావాలన్నమాట," అంటూ సీసా మొత్తం తనే వంచి, తొట్టికి మూత వేయించింది.

అక్క చెప్పింది నిజమో అబద్ధమో డెబ్బై రెండుకూ తెలియదు. చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు.

పన్నెండుకు నిమిషం ఉందనగా వాల్వు తిప్పారు. ద్రవం జానెడు దూరం పారి గొట్టంలో నిలిచిపోయింది. మూత తీస్తే, తొట్టి నిండా విరిగిన పాలలా ముద్దలు.

కాపలావాడు తుపాకీ అక్క వైపు తిప్పాడు. ముత్యాలామె అతని చేయి పట్టుకుని ఆపింది. కొత్త పొడి కలిపి మిల్లులో తిప్పడానికి ఆరు గంటలు. కలపడం తెలిసింది ఒక్కరికే.

మూడు గంటల తరువాత తలుపులు పగిలాయి.

"భలే బోల్తా కొట్టించావక్కా," అన్నాడు, కట్లు విప్పించుకుంటూ.

"ఒక్క అబద్ధమూ చెప్పలేదురా. మీ వృత్తిలో నిజం ఎవరికీ అలవాటు లేదు, అంతే."

నివేదికలో 'ఏజెంట్ చేపట్టిన చర్య' అన్న గడి ఖాళీగా వదలకూడదు. అతను ఉన్నదున్నట్టు రాశాడు: కుర్చీలో కూర్చున్నాను. పైఅధికారులు దాన్ని వినయమనుకుని పతకానికి సిఫారసు చేశారు.