గంగులు కుడిచెయ్యి

రాజాంలో ఎరువుల కొట్టు పైఅంతస్తులో మా ఫిజియోథెరపీ సెంటరు ఉండేది. 2013లో మా డాక్టరుగారు టీవీ కింద పెట్టే కెమెరా ఆట ఒకటి కొన్నారు. చేత్తో ఏమీ పట్టుకోనక్కర్లేదు. ఎదురుగా నిలబడి చెయ్యెత్తితే తెరమీది బొమ్మా చెయ్యెత్తుతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళు విసుగు లేకుండా కసరత్తు చేస్తారని ఆయన ఆశ. ఎండ తగిలితే మాత్రం ఆ కెమెరాకి ఏమీ కనిపించదు. అందుకని పట్టపగలే కిటికీలు మూసి, దళసరి కర్టెన్లు దించేవాళ్ళం. ఆ చీకట్లో నొప్పుల నూనె వాసన, కింద నుంచి ఎరువు వాసన.

గంగులు బాబాయ్ చేపలవేట మీద బతికిన మనిషి. కుడిచెయ్యి పడిపోయింది. భార్య కూర్మమ్మని వెంటబెట్టుకుని వారానికి మూడుసార్లు బస్సులో వచ్చేవాడు. పడవ ఆట పెడితే, ఇదేం పడవ, చేపా లేదు తడీ లేదని నవ్వాడు. కానీ ఆడాడు. ఎడమచెయ్యి ఎత్తితే పడవ ఎడమకి తిరిగేది. కుడిచెయ్యి, పాపం, చెమటలు కక్కితే నాలుగు వేళ్ళ ఎత్తు లేచేది. ఒంటికి అంటుకుపోయిన చేతిని కెమెరా చెయ్యిగా చూడదు. పడవ వెళ్ళి బండకి కొట్టుకునేది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

చూడలేక ఒకరోజు ఆయన వెనకాల నిలబడి నా కుడిచెయ్యి పైకెత్తాను. కెమెరా మోసపోయింది. నా చేతిని ఆయన భుజానికే తగిలించి పడవని తిప్పింది. ఆయనది స్పర్శ లేని చెయ్యి, కళ్ళేమో తెరమీద. లేచిందనే నమ్మాడు.

"సూసినావా గ్లోరమ్మా, నా సెయ్యి వచ్చీసినాది," అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఆ ముఖం చూశాక నోరు రాలేదు. నెల్లాళ్ళు అలాగే మోసం చేశాను. జాలి అని పేరు పెట్టుకున్నాను గానీ, మెప్పు నాకూ బాగానే ఉండేది. తర్వాత ఆయన రావడం మానేశాడు.

ఒక బుధవారం సాయంత్రం నాలుగింటికి గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. బయట మబ్బు. ఆట పనిచేస్తోందో లేదో చూద్దామని పెట్టాను.

తెరమీద ఇద్దరున్నారు.

ఒకటి నేను. నా ముందు ఇంకో ఆకారం... గదిలో ఎవరూ లేరు. దాని కుడిచెయ్యి వేలాడుతోంది. పచ్చి చేపల వాసన వచ్చింది. ఎరువు వాసన పోయింది.

"గంగులు బాబాయ్?" అన్నాను మెల్లగా.

నా కుడిచెయ్యి లేచింది... నేను ఎత్తలేదు. తెరమీద దాని కుడిచెయ్యీ లేచింది. పిడికిలి బిగుసుకుంది. మరుక్షణం బరువు. నిండు మనిషి బరువు... భుజం ఊడిపోతోంది. చల్లగా, కిందకి, ఇంకా కిందకి...

చెవి పక్కనే ఊపిరి. "ఒగ్గీకమ్మా."

వదలొద్దన్నాడని ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు. భయమేసింది. నొప్పెట్టింది. రెండో చేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకున్నాను.

బరువు పోయింది. తెరమీద నేనొక్కదాన్నే మిగిలాను.

నెల తిరిగాక కూర్మమ్మ ఒక్కతే వచ్చింది. బొట్టు లేదు. చెయ్యి బాగైందని, కూర్మమ్మ వద్దన్నా వినకుండా, ఆయన ఆమె తమ్ముడు రాముడితో వేటకెళ్ళాడట. ఆ బుధవారమే. ఒడ్డు దగ్గర పడుతుండగా కెరటానికి పడవ తిరగబడిందట. ఆయన కుడిచేత్తో తాడు పట్టుకుని వేలాడాడట. రాముడు ఆయన వైపు ఈదుకుంటూ వెళ్ళాడట. ఇంకో రెండు బారల దూరం ఉందనగా ఆ పిడికిలి విడిపోయిందట. అప్పటికి సాయంత్రం నాలుగు దాటి ఉంటుందని చెప్పింది.

"నువ్వు బాగుసేసిన సెయ్యే తల్లీ. అంతసేపు అదే ఆపినాది," అని నా కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది.

నిజం చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేదు. ఆమె నా చెయ్యి వదిలి, చెంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగింది. కాసేపటికి బస్సెక్కే ఉంటుంది.

నా చెయ్యి మాత్రం ఇంకా ఎవరో పట్టుకునే ఉన్నారు.