హ్యాప్‌హజర్డ్ దొంగతనం

కల్లూరులో రామసుబ్బమ్మ ఇంట్లో రాత్రి ఎవరూ లేనప్పుడు ఐదు పట్టుచీరలు పోయాయి.

బట్టలన్నీ నేలమీద. గిన్నెలు గడప దగ్గర. ఇల్లంతా మిరప్పొడి, పోలీసు కుక్క వాసన పట్టకుండా.

ఎస్సై చంద్రమోహన్ రిపోర్టులో హ్యాప్‌హజర్డ్ అని రాసి పెన్ను మూశాడు. ఇంగ్లీషు ముక్క దొరికితే ఇలాంటివాళ్ళకు దర్యాప్తు అయిపోయినట్టే. ఎవడో బయటివాడు చిందరవందర చేసి పోయాడట.

ముందురోజు నూలు దించిపోయిన ఆటో డ్రైవర్ ఏసన్న మీద అనుమానమని రామసుబ్బమ్మ చెప్పింది. అంతే. లాకప్‌లో వేసి కుళ్ళబొడిచారు. కుడిచెయ్యి విరిగింది. సాయంత్రం రిమాండుకు పంపాలి.

ఆ చెయ్యి చూసి సీఐ ప్రమీలారాణికి ఒళ్ళు మండిపోయింది. ఎస్సైని వెంటబెట్టుకుని నేరుగా ఆ ఇంటికి వచ్చింది.

గది మధ్యలో మగ్గం. దాని మీద సగం నేసిన చీర, సాగదీసిన పడుగు దారాలు. ఒక్క దారం తెగలేదు. మిరప్పొడి రవ్వంత కూడా పడలేదు. పక్కన మేకుకు పాత దుప్పటి, మడత చెదరకుండా వేలాడుతోంది. విప్పి చూసింది. ఒకవైపంతా ఎర్రగా మిరప్పొడి.

ఎస్సైని, రామసుబ్బమ్మని, ఆమె తమ్ముడు, ఆ మగ్గం నేసే ఓబుళేశుని పిలిచి నిలబెట్టింది.

“ఈ దుప్పటి మగ్గం మీద ఎవరు కప్పినారప్పా?”

“తెల్దు మేడమ్. రాత్రి నేను ఈడ లేను” అన్నాడు ఓబుళేశు.

“హ్యాప్‌హజర్డ్ అంటే ఏది యాడ పడినా పట్టించుకోకుండా చేసేది. ఈ దొంగకు శానా పట్టింపు ఉండాది. ముందు పడుగు మీద దుప్పటి కప్పినాడు, తర్వాతే పొడి చల్లినాడు. పోతా పోతా మడిచి పెట్టినాడు. ఈ పడుగు పాడైతే ఏసన్నకు ఏం పోతాది?”

ఓబుళేశు తల దించుకున్నాడు. క్రికెట్ బెట్టింగులో మునిగి చీరలు అమ్మేశానన్నాడు. ఇల్లు కుప్ప చేశాడు గానీ, పడుగు మీద పొడి చల్లడానికి చేతులు రాలేదట.

రామసుబ్బమ్మ వాడి చెంప పగలగొట్టింది. “ఆ బిడ్డ పేరు నా నోటితో చెప్పించినావు కదరా” అని అక్కడే కూలబడి ఏడ్చింది.

రిపోర్టులో ఆ మాట మార్చేస్తానని ఎస్సై గొణిగాడు.

“మార్చద్దు. మాట మంచిదే, తప్పుచోట రాసినావు. నీ మీద నేను రిపోర్టు రాస్తాండా. నీ దర్యాప్తుకు అదే మాట వాడతా.”

స్టేషన్‌లో ఏసన్నను వదిలారు. ఆటో తాళం ఎడమచేత్తో అందుకున్నాడు.